దొరగారి బల్ల మీది తెల్లగుడ్డ

హీత్రూలో ఒక గుడ్డ

మా అత్తయ్య సుగుణమ్మ పెట్టెలో నాలుగు కిలోల ఆవకాయ, కిలో ఎండు రొయ్యలు, రెండు డబ్బాల కందిపొడి, అన్నిటి అడుగున మడత నలగని తెల్లగుడ్డ ఒకటి ఉన్నాయి. హీత్రూలో పెట్టె తెరిపించిన అధికారి ఆవకాయ మూత తీసి, వెంటనే పెట్టేసి, గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎండు రొయ్యల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. గుడ్డ దగ్గర మాత్రం ఆగాడు.

“ఇదెందుకు?”

“బల్ల మీద పరవడానికి,” అన్నాను.

“ఎవరి బల్ల?”

“ఒక పెద్దమనిషిది. ఆయన పోయి వందేళ్ళు దాటింది.”

నేను ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. అర్థం కాకపోయినా పీరియడు అయిపోతే చాలనుకునేవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అతను పెట్టె మూసి పంపించేశాడు.

మీకైనా సరిగ్గా చెప్పాలి. మాది కృష్ణా జిల్లాలో హార్కట్‌పేట. ఆ హార్కట్, తెల్లదొరల కాలంలో మా వైపు వచ్చిన ఇంగ్లీషు పాద్రి. పొలం కొన్నాడు. ఆ పొలంలో గుడి కట్టించాడు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మా వాళ్ళను గుడి చుట్టూ కాపురం పెట్టించి, ఒక బావి తవ్వించాడు. కొన్నేళ్ళకి ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళిపోతూ, బండెక్కే ముందు కన్నీళ్ళు పెట్టుకుని “నా చోటు అట్టే ఉంచండి, తిరిగొస్తాను” అన్నాడట.

ఉంచాం. ముందు వరసలో ఎడమవైపు ఆయన కూర్చున్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంచాం. ఆ తరవాత దాని మీద ఎవరూ కూర్చోలేదు. క్రిస్మస్‌కి జనం కిటికీల్లో వేలాడుతున్నా ఆ బల్ల ఖాళీయే. గుడికి మొట్టమొదటి సీలింగ్ ఫ్యాను కొన్నప్పుడు కమిటీ ఏకగ్రీవంగా దాన్ని ఆ బల్ల నెత్తిన బిగించింది. దొరగారికి ఎండ పడదు కదా.

గుడ్డ ఉతికే బాధ్యత మా కుటుంబానిది. మా నాయనమ్మ ఉతికింది, ఆవిడ తరవాత అత్తయ్య. శనివారం ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు పరిచి వస్తుంది. బళ్ళో ముప్ఫయ్యేళ్ళు టీచరుగా చేసినా ఊళ్ళో ఆవిణ్ణి టీచరమ్మ అనరు, గుడ్డ సుగుణమ్మ అంటారు. ఆవిడ దాన్ని డాక్టరేటులా మోస్తుంది.

2014లో ఆవిడ కూతురు సునీత, లీసెస్టర్‌లో నర్సు, టిక్కెట్లు పంపింది. అత్తయ్య ఒకటే షరతు పెట్టింది. “దొరగారి ఊరు తీసుకెళ్తేనే వస్తా. అక్కడా ఆయన బల్ల ఉండే ఉంటది. దాని మీద నా చేత్తో ఒక్కసారి గుడ్డ పరిస్తే ఇంక నాకేం వద్దు.” అందుకని కొత్త గుడ్డ పెడనలో చెప్పి నేయించుకుంది. నేను దుబాసీగా బయల్దేరాను. కమిటీ నాకూ ఒక పని అప్పగించింది: దొరగారి జీవితం తెలుసుకొచ్చి నాలుగు వాక్యాల్లో రాయాలి, వాటిని పాలరాతి మీద చెక్కించి బల్ల పక్కన పెడతారు.

లీసెస్టర్

ఇంగ్లండు వెళ్ళని వాళ్ళ కోసం మొదటి హెచ్చరిక. వాష్‌బేసిన్‌కి రెండు కుళాయిలుంటాయి. ఒకదాంట్లో మంచు, ఒకదాంట్లో మంట. రెంటినీ కలుపుకోవలసిన పూచీ మీది. సునీత ఇంట్లో బాత్రూములో తివాచీ కూడా ఉంది. అత్తయ్య మూడు రోజులు దాని మీద అడుగు పెట్టకుండా గోడ వెంబడి నడిచింది.

కూరగాయల కొట్లో ములక్కాడలు చూసి ప్రాణం లేచొచ్చింది, ధర చూసి మళ్ళీ కూర్చుంది. రెండు కాడలు పౌనున్నర.

“ఒసే, బళ్ళో ములగచెట్టు కాయలు ఊరందరికీ ఊరికే పంచాను కదే!” అంది అత్తయ్య.

“గట్టిగా అనకమ్మా, కొట్టాయనకి తెలుగొచ్చు,” అంది సునీత.

అసలు దెబ్బ ఆదివారం తగిలింది. ఇంటికి రెండు వీధుల అవతల కోసు గోపురంతో పెద్ద చర్చి కనిపించగానే అత్తయ్య కొంగు తల మీదికి లాక్కుంది. దగ్గరికి పోతే గుమ్మం పక్కన ఎనిమిది కాలింగ్ బెల్లులు. దాన్ని ఫ్లాట్లు చేశారట.

“మరి బలిపీఠం ఉన్న చోట ఏముందే?”

“కిచెన్ అయ్యుంటదమ్మా. ఓపెన్ ప్లాన్.”

సోమవారం మధ్యాహ్నం దాకా అత్తయ్య మాట్లాడలేదు. నేను ఆవిణ్ణి పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. ఇదొక రికార్డు.

దొరగారి ఊరి గుడిపెద్ద మార్గరెట్ అనే ఆవిడతో నేను ముందే ఈమెయిళ్ళు నడిపాను. కోత పండుగ ఆదివారం రమ్మంది. హార్కట్‌గారు ఇండియా నుంచి చెల్లెలికి రాసిన ఉత్తరాలు గుడి పెట్టెలో దొరికాయని, కాపీలు తీయించానని రాసింది. చివర ఒక ముక్క చేర్చింది: వాటిలో కొంచెం ఆ కాలపు ధోరణి ఉంది, ముందుగా మీరు చూసుకుంటే మంచిదేమో.

“అంటే పాత ఇంగ్లీషు అనేమో,” అన్నాను.

సునీత ఫోన్ లాక్కుని చదివింది. “బావా, వీళ్ళు ‘కొంచెం’ అన్నారంటే భయపడాలి. మా వార్డులో డాక్టరు ‘కొంచెం ఆలోచించాలి’ అన్నాడనుకో, నేను వెళ్ళి పేషెంటు ఇంటికి ఫోన్ చేస్తా.”

నవ్వాను. ఫిజిక్సు వాళ్ళకి ముందస్తు సూచనలు అందవు.

బేసింగ్‌స్టోక్

సునీత ముగ్గురు నర్సులతో డ్యూటీలు మార్చుకుని శని, ఆదివారాలు ఖాళీ చేసుకుంది. ఆవిడే కారు నడిపింది. శనివారం మజిలీ బేసింగ్‌స్టోక్‌లో, ఆవిడ నర్సింగ్ క్లాస్‌మేట్ రూత్ ఇంట్లో. ఆ ఊళ్ళో రోడ్లు ఎక్కడికీ పోవు, గుండ్రంగా తిరుగుతాయి. నాలుగో గుండ్రం దగ్గర అత్తయ్య “ఈ పెట్రోలు బంకుని ఇందాకే చూశాం” అంది. అయిదోసారి దానికి చెయ్యి ఊపింది.

రూత్ గోంగూర మాంసం చేసింది. గోంగూర డబ్బాలోదే, పులుపు మాత్రం నిజమే. రూత్ కూతురు తెలుగంతా విని ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, అత్తయ్య ఇంగ్లీషంతా విని తెలుగులో జవాబు చెబుతుంది. ఇద్దరికీ గంటలో మంచి దోస్తీ కుదిరింది. అత్తయ్యకి చెవిలో అంత ఇంగ్లీషు ఉందన్న సంగతి నేను గమనించి గుర్తుపెట్టుకోవలసింది. పెట్టుకోలేదు.

భోజనాల దగ్గర రూత్ ఆ గుడ్డ సంగతి అడిగింది. అత్తయ్య చెయ్యి కడుక్కొచ్చి మరీ చెప్పింది.

“క్రిస్మస్ ఆరాధన. మా అమ్మకి నెలలు నిండినయ్. గుళ్ళో ఇసకేస్తే రాలట్లేదు. దొరగారి బల్ల పక్కన నిలబడింది. రెండు గంటలు. అయ్యగారి ప్రసంగం సగంలో నొప్పులు. ఎవరో ‘అమ్మాయ్, అందులో కూలబడవే’ అన్నారంట. ‘అది దొరగారి చోటు’ అందంట మా అమ్మ. గోడ పట్టుకుని, జనాన్ని తోసుకుని, వరండా దాకా పోయింది. వరండా దాటలా. అక్కడ పుట్టాను నేను.”

“ఎంత విశ్వాసం ఆంటీ!” అంది రూత్, కళ్ళు తుడుచుకుంటూ.

“అందుకే గుడ్డ నాకిచ్చింది,” అంది అత్తయ్య.

ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయినా ప్రతిసారీ ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. ఆ శనివారం కూడా పెరిగింది.

దొరగారి ఊరు

ఊరి పేరు రాయను. మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కేకు పెట్టి పంపిన వాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు.

వాన. అత్తయ్య అలవాటుగా చెప్పులు గుడి వాకిట్లో విడిచి లోపలికి వచ్చింది. ఆ రాతి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడటానికి విశ్వాసం ఒక్కటీ చాలదు. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు. కుక్క కూడా వచ్చింది, రెండో వరసలో కూర్చుంది. కుక్కను మినహాయిస్తే సంఘం పదకొండు మంది, మాతో పద్నాలుగు.

మా ఊళ్ళో కోత పండుగంటే గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వేలంపాట. ఒక నిమ్మకాయ అయిదొందలకి పోయిన సందర్భాలున్నాయి. ఇక్కడ బలిపీఠం ముందు టిన్నుల్లో చిక్కుడుగింజలు, సేమ్యా పాకెట్లు పేర్చారు. టౌనులో తిండి జరగని ఇళ్ళకి పంపుతారట. “ఈ దేశంలోనా?” అంది అత్తయ్య. సునీత తలూపింది. మా కాడికి దొరలు వచ్చిన దేశం గురించి అత్తయ్యకి అది రెండో దెబ్బ. మూడోది మార్గరెట్ తీయించిన కాపీల ఫైలులో ఉంది.

ఆరాధన అయ్యాక మార్గరెట్ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఎవరో మర్చిపోయారనుకుని అత్తయ్య చెప్పుల్ని వాన నుంచి తీసుకొచ్చి, హీటరు మీద ఆరబెట్టింది. చెప్పులు అత్తయ్యవని తెలిశాక ఆవిడ కాళ్ళకేసి చూసి, ఏమీ అడక్కుండా తన సంచిలోంచి ఒక జత ఉన్ని మేజోళ్ళు తీసి ఇచ్చింది. అత్తయ్య తొడుక్కుని, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“దొరగారి బల్ల ఏదో అడుగు.”

అడిగాను. మార్గరెట్ ముఖంలో ఏదో ఇబ్బంది. “ముందు ఇవి చూస్తారా?” అని ఫైలు నా చేతికిచ్చింది.

రాత వంకర్లు తిరిగి ఉంది గాని తెలుస్తోంది. ఇండియాలో రాసిన ఆఖరి ఉత్తరం. అన్న పిల్లల్లేకుండా పోయాడని, ఎస్టేటు, అడవి, తొమ్మిది కమతాలు తనకు వచ్చాయని, నెలలోపు ఓడెక్కుతున్నానని రాశాడు. ఆరోగ్యం గురించి ఒక్క మాటే ఉంది: దివ్యంగా ఉందని. తరవాత రెండో పేజీ.

చదివాను. కిందికి దిగి, మళ్ళీ పైకి వెళ్ళి చదివాను. కాగితం మారలేదు.

“ఏం రాశాడ్రా?” అంది అత్తయ్య.

“మన ఊరిని బాగా తలుచుకున్నాడు.”

“రెండు పేజీలూ అదేనా?”

“ఎండలెక్కువన్నాడు.”

అత్తయ్య నన్ను చూసింది. ముప్ఫయ్యేళ్ళు హోంవర్కు ఇంట్లో మర్చిపోయామన్న పిల్లల్ని చూసిన చూపు అది. తరవాత మార్గరెట్ వైపు తిరిగింది.

“మేడమ్. యూ రీడ్. స్లోలీ. ఐ యామ్ టీచర్.”

మార్గరెట్ నా వంక చూసింది. నేను నేల చూశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మాటా విడివిడిగా చదివింది.

తెలుగులో చెబితే ఇంతే. నేను లేనప్పుడు వీళ్ళు నా బల్ల మీదికి ఎక్కకుండా తెల్లగుడ్డ కప్పించాను. ఒక్కసారి వీళ్ళు కూర్చున్న చోట ఇక మర్యాదస్తుడు కూర్చోలేడు. నేను తిరిగి వస్తానని చెప్పాను, అలా చెబితే హద్దులో ఉంటారు. దేవుడి దయవల్ల మళ్ళీ రావలసిన పని పడదు.

గుళ్ళో కుక్క ఒళ్ళు దులుపుకుంది. సునీత తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అత్తయ్య దాన్ని మెల్లగా తీసేసింది.

“వన్స్ మోర్,” అంది.

మార్గరెట్ మళ్ళీ చదివింది.

నేను మా నాయనమ్మ గురించి ఆలోచిస్తున్నాను. గోడ పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోతున్న నాయనమ్మ గురించి. నిన్న మధ్యాహ్నం గోంగూర తింటూ పెరిగిన అంగుళం నాలో ఎక్కడా లేదు. ఇంకేమేం పోయాయో చూసుకునే ధైర్యం రాలేదు.

“నేనెక్కడ పుట్టానో ఈమెకి చెప్పరా,” అంది అత్తయ్య. “ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు.”

చెప్పాను. క్రిస్మస్, రెండు గంటలు, గోడ, వరండా. మార్గరెట్ “ఓహ్” అంది. కళ్ళజోడు తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. ఆ తరవాత లేచి, ఎడమవైపు ఉన్న ఒక చెక్క గది దగ్గరికి నడిచింది. అంతసేపూ అది సామాన్ల గది అనుకున్నాను. ఛాతీ ఎత్తు గోడలు, ఒక తలుపు, లోపల మెత్తలు పెట్టుకునే బెంచీలు, చలి కాచుకోవడానికి ఒక పొయ్యి కూడా.

“హార్కట్ కుటుంబం ఇందులో కూర్చునేది,” అంది. “గడియ లోపలివైపు ఉంటుంది, చూడండి. మా ముత్తవ్వ వాళ్ళింట్లో పనిమనిషి. శనివారం శనివారం ఈ గది మోకాళ్ళ మీద తుడిచేది. ఆదివారం అదిగో, ఆ తలుపు పక్కన నిలబడేది.”

“సాటర్‌డే?” అంది అత్తయ్య.

“ప్రతి శనివారం.”

అత్తయ్య గదిలోకి తొంగి చూసింది. “నౌ ఇన్‌సైడ్ ఎవ్రీబడీ సిట్టింగ్?”

“లేదు,” అంది మార్గరెట్, సిగ్గుపడుతూ. “వాక్యూమ్ క్లీనరు పెడుతున్నాం.”

చెప్పి, తలుపు తెరిచి, వాక్యూమ్ క్లీనరు బయటికి లాగింది. తరవాత రెండు బకెట్లు, ఒక విరిగిన కుర్చీ, క్రిస్మస్ చెట్టు ముక్కలు. డెబ్భై ఏళ్ళ మనిషి ఒక్కతే లాగుతుంటే చూడలేక నేనూ సునీతా వెళ్ళి సాయం పట్టాం. అంతా అయ్యాక మార్గరెట్ తలుపు పట్టుకుని పక్కకి జరిగి నిలబడింది. తలుపు పక్కన, తన ముత్తవ్వ నిలబడిన చోటే.

అత్తయ్య ఉన్ని మేజోళ్ళతో నడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగింది. ఆగిందంటే, కాలు లేవలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, సముద్రాలు దాటి వచ్చిన మనిషి, ఒక అడుగు ముందు ఆగిపోయింది. సునీత పట్టుకోబోతే వద్దంది. తలుపు అంచు పట్టుకుని, లోపలికి అడుగు పెట్టి, కూర్చుంది.

కాసేపటికి చెక్క మీద అరచేత్తో తట్టి చూసింది.

“చెక్కేరా,” అంది. “ఒట్టి చెక్క.”

“కమ్,” అని మార్గరెట్‌ని పిలిచి పక్కన చోటు చూపించింది.

టీ

గుడి వెనక హాల్లో పదకొండు మందీ మా కోసం భోజనం ఏర్పాటు చేశారు. బల్ల మీద కాగితం పరుస్తుంటే అత్తయ్య ఆపింది. పెడన గుడ్డ మడత విప్పి, రెండు చేతులా దులిపి, పొడుగునా పరిచి, అంచులు సర్దింది. ఇన్నేళ్ళ అలవాటు, ఎక్కడా ఒక్క ముడత లేదు. దాని మీద ఉడకబెట్టిన బంగాళాదుంపలు, కేకు, టీ కెటిలు, రూత్ కట్టిచ్చిన పులిహోర వచ్చి చేరాయి. పులిహోర ముందుగా అయిపోయింది. ఆ ఊరికి తాలింపంటే ఏమిటో ఆ రోజే తెలిసిందని నా అనుమానం.

మార్గరెట్ చెయ్యి తగిలి కప్పు ఒరిగింది. తెల్లగుడ్డ నడిమధ్య టీ మరక. మా ఊళ్ళో ఆ గుడ్డ మీద ఈగ వాలినా అత్తయ్య ఇంటికి వెళ్ళి వేరేది తెచ్చేది.

మార్గరెట్ కంగారుగా రుమాలు తీసింది. “పోనీలెండమ్మా,” అంది అత్తయ్య తెలుగులోనే. “గుడ్డేగా.”

బయల్దేరే ముందు సమాధి దగ్గరికి వెళ్ళాలా వద్దా అని నేనూ సునీతా చూపులతోనే తర్జనభర్జన పడుతుంటే, అత్తయ్య ఆరిన చెప్పులు వేసుకుని ముందు నడిచింది. గుడి వెనక పెద్ద రాయి, నాచు పట్టి ఉంది. అత్తయ్య కొంగు తల మీదికి లాక్కోలేదు.

“అయ్యా,” అంది. మర్యాద తగ్గలేదు. “బావి తవ్వించారు. దానికి దణ్ణం. మీ బల్ల ఖాళీగానే ఉంచాం. ఇంక ఉంచం.”

కారెక్కి బేసింగ్‌స్టోక్ గుండ్రాలు దాటాం. అప్పుడు అత్తయ్య అద్దంలోంచి బయటికి చూస్తూ అంది, “ఆ రోజు మా అమ్మ కూర్చునుంటే నేను బల్ల మీద పుట్టేదాన్ని కదే సునీతా.”

సునీత కారు పక్కకి ఆపింది.

హార్కట్‌పేట

కమిటీకి నా నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. దొరగారి మాటలే, తెలుగులో, ఒక్క ముక్క కలపలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు. పాలరాయి ఖరీదు ఈ మధ్య బాగా పెరిగిందని అప్పటికప్పుడు గుర్తొచ్చింది. అయ్యగారు కాలం అలాంటిదన్నారు. ఒక పెద్దాయన ఉత్తరం దొంగదన్నాడు. ఇంకొకాయన ఏ ఉత్తరమైనా సరే, ఆనవాయితీ ఆనవాయితీయేనన్నాడు. తీర్మానం వాయిదా పడింది.

అత్తయ్య మీటింగుకి రాలేదు. ఆ శనివారం బల్ల మీది గుడ్డ తీసేసింది, ఉతకలేదు, అంతే.

ఆదివారం గుళ్ళోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు. ఆ బల్లను వట్టిగా అత్తయ్య తప్ప ఎవరూ చూసి ఉండలేదు. నల్లబడ్డ చెక్క, ఒక కాలికి చెదలు, వీపు ఆనే చోట ఒక పగులు. ఇంతకాలం దాచింది ఇదా అన్నట్టు జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య చివర్లో వచ్చింది. నేరుగా నడిచి వెళ్ళి కూర్చుంది. పాట పుస్తకం తెరిచింది. అయ్యగారు మొదటి కీర్తన నంబరు రెండుసార్లు తప్పు చెప్పారు.

ఇప్పుడు ఆవిడ పక్కన ఇద్దరు ముసలమ్మలు కూర్చుంటున్నారు. పోయిన వారం ఒక చంటిపిల్ల తల్లి కూడా. ఉత్తరం దొంగదన్న పెద్దాయన ఇంకా నిలబడే ఉంటున్నాడు.

నా వంతు ఇంకా రాలేదు. ఉత్తరం ముందు చదివింది నేనే, కమిటీలో గట్టిగా వాదించిందీ నేనే. అయినా ప్రతి ఆదివారం అత్తయ్య వెనక్కి తిరిగి, పక్కన చెక్క మీద తట్టి “రారా, కూర్చో” అంటుంది. కాలు లేవదు. ఇక్కడ గాలి బాగా వస్తోంది అత్తయ్యా, అంటాను.

ఫ్యాను ఆ బల్ల నెత్తినే ఉంది.